రంగంలో రైల్వే టైము

మొన్న మా వీధిలో కొత్తగా పెళ్ళయిన పిల్ల సింగపూర్ వెళ్ళివచ్చి, ఫోటోల ఆల్బమ్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. బిలాస్‌పూర్‌లో మేముండే ఈ తోర్వా పేటలో ఇప్పుడిదొక మర్యాద. మొగుడూ పెళ్ళామూ ఒక్క రోజులో పదకొండు చోట్ల నిలబడి నవ్వారు. అన్నీ చూపించాక, "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా ఫారిన్ వెళ్ళావా?" అని అడిగింది. వెళ్ళాను, మా ఆయనతో, ఒక్క రోజు, అన్నాను. అచ్ఛా అని నవ్వి ఊరుకుంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నమ్మకపోతే పోనీ. నాకు మాత్రం ఆ పూటంతా ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు. యాభై ఏళ్ళు దాటిన మంట అది.

మా ఆయన గూడ్సు గార్డు. విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం. ఆయనకి రైల్వే కంపెనీ ఒక జేబు గడియారం ఇచ్చింది. దానికి రోజూ కీ ఇవ్వడం వరకే గార్డు పని. ముళ్ళు తిప్పాలంటే స్టేషన్లో పెద్ద గడియారం ముందు నిలబడే తిప్పాలి. మిగతా గార్డులకి అదొక రూలు, మా ఆయనకి వ్రతం. ఇంట్లో చారు మరగడం రెండు నిమిషాలు ఆలస్యమైనా ఆయన జేబులోంచి దాన్ని తీసి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టుకునేవారు. అనేస్తే నయం, నేనూ ఒక మాట అనేదాన్ని.

మా అన్న కూడా బిలాస్‌పూర్ ఇంజన్ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేసినవాడే. పై అధికారితో తగువుపడి, నాతోనైనా చెప్పకుండా ఉద్యోగం వదిలి రంగం వెళ్ళిపోయాడు. రంగం అంటే రంగూన్. మావైపు అందరూ అలాగే అనేవారు. అక్కడ నదికి ఎగువన ఎక్కడో బియ్యం మిల్లులో చేరాడు. చెప్పకుండా వెళ్ళినందుకు కోపం వచ్చి రెండేళ్ళు నేను ఉత్తరం రాయలేదు. పదేళ్ళు గడిచాయి. మా అమ్మకి చూపు మందగించింది. "కళ్ళుండగా ఆడి మొగం సూపించు, నువ్వెల్లి పిలిస్తేనే వొస్తాడు" అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. అది నిజమే. వాడికి నేనంటే ప్రాణం. ఎదురుగా నిలబడి చెయ్యి పట్టుకుంటే కాదనేవాడు కాదు.

వస్తున్నామని నేను అన్నకి ఉత్తరం రాశాను, ఆయన సెలవు పెట్టారు. విశాఖపట్నం దాకా పాసు, అక్కణ్ణించి ఓడ. గాలివాన పట్టి ఓడ రెండు రోజులు ఆలస్యంగా చేరింది. సెలవు పెరగదు కనుక మర్నాడు తెల్లవారే తిరుగు ఓడ ఎక్కాలి. రేవులో మావైపు మేస్త్రీ ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి అన్న రాసిన చీటీ ఇచ్చాడు. అన్న ఆ రెండు రోజులూ వచ్చి చూశాడట. ఈ రోజు నాలుగు గంటలకి ఇదే రేవుకి వస్తాడు. నాలుగున్నరకి మిల్లు లాంచీ, అది దాటితే ఆ రోజుకి ఇంకోటి లేదు. మాకు దొరికేది ఆ అరగంటే.

అప్పటిదాకా ఊరు చూద్దామన్నారు ఆయన. చూశాం, కాదనను. ట్రాము ఎక్కాం. బంగారు గోపురం చుట్టూ వట్టి కాళ్ళతో తిరిగాం. బజారులో పట్టుబట్టలు చూసి బేరం కూడా ఆడకుండా వచ్చేశాం. ఆడవాళ్ళు వీధిలో చుట్టలు తాగుతుంటే మా ఆయన నోరు వెళ్ళబెట్టారు. మా అమ్మమ్మ నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డచుట్ట చూసి పెరిగిన నాకు అదేమంత వింతగా లేదు. ఆయన ఆ రోజు ఎంతో హుషారుగా ఉన్నారు. నాకు మంచు వేసిన షర్బత్తు ఇప్పించారు, చెరువు గట్టున నీడ చూసి కూర్చోబెట్టారు. అంత మంచిగా ఉన్నందుకే నాకింకా మండుతుంది.

ఆ ఊరి గడియారాలు మన కంటే గంట ముందు నడుస్తాయి. ఓడలోనే గుమాస్తా వచ్చి అందరినీ ముళ్ళు జరుపుకోమన్నాడు. అందరూ జరుపుకున్నారు, ఈయన తప్ప. కంపెనీ గడియారం కదా. అవసరమైనప్పుడు మనసులో ఒక గంట కలుపుకుంటానన్నారు, కలుపుకున్నారు కూడా. మర్నాటి ఓడకి కలుపుకున్నారు, ఆ గోపురం గుడి వేళకి కలుపుకున్నారు. మా అన్న చీటీకి మాత్రం కలపలేదు.

చెరువు గట్టుకి ఎదురుగా ఏదో ఆఫీసు గోడమీద గడియారం ఉంది. "ఆ గడియారంలో మూడుంబావు అయిపోనాదండీ, రేవుకెల్దాం" అన్నాను.

ఆయన జేబులోది తీసి చూశారు. "మీ అన్న షెడ్‌లో పంజేసినోడు. రైలోడు నాలుగని రాస్తే రైల్వే నాలుగే. ఇంకా గంటా ముప్పావుంది, కూర్చో."

వాడు రైలు వదిలి పదేళ్ళయింది, ఈ ఊరి మిల్లు కూతకి లేచి ఈ ఊరి మిల్లు కూతకి పడుకుంటున్నాడు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. రేవు ట్రాము కళ్ళముందే రెండుసార్లు పోయింది. లేచి ఎక్కేయవలసినదాన్ని. మొగుడు కూర్చోమంటే కూర్చున్నాను. చేతిలో షర్బత్తు గ్లాసు పెట్టుకుని, బొమ్మలాగా. ఆయన మీద కోపంలో సగం నా మీదే.

రేవుకి చేరేసరికి లాంచీ లేదు. మేస్త్రీ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"కూత కూసినా కదల్లేదమ్మా. ఆకరికి లాంచోడు సెయ్యట్టుకు లాగితే ఎక్కినాడు. సెల్లికి నామీద కోపం తీరనట్టుంది అనీసి ఎలిపోనాడు."

మా ఆయన గడియారం తీసి చూశారు. "సరిగ్గా నాలుగు" అన్నారు.

తిరుగు ఓడలో నా చాప ఆయనకి దూరంగా వేసుకున్నాను. బిలాస్‌పూర్లో దిగగానే నన్ను ట్రంకు దగ్గర నిలబెట్టి స్టేషన్ గడియారం దగ్గరికి వెళ్ళి వచ్చారు. "పన్నెండు రోజులకి అర నిమిషం తేడా రాలేదు" అన్నారు, మెల్లగా, నాకేదో ఊరట చెబుతున్నట్టు. ఆయన దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం ఆ గడియారం పట్టాల మీద పెట్టి పైనుంచి గూడ్సు పోనిద్దామనిపించింది.

జరిగింది జరిగినట్టు అన్నకి ఉత్తరం రాశాను. కోపం లేదురా అన్నయ్యా, గడియారం తప్పిది అని. వచ్చే ఏడాది వస్తానని జవాబు వచ్చింది. వచ్చే ఏడాది యుద్ధం వచ్చింది. రంగం మీద బాంబులు పడ్డాయి. మనవాళ్ళు అడవుల్లో పడి నడిచారు. చావగా మిగిలినవాళ్ళు కలకత్తా చేరి, అక్కణ్ణించి మా స్టేషన్ మీదుగా ఇళ్ళకి వెళ్ళేవారు. నేను ప్లాట్‌ఫాం మీదికి పోయి పెట్టె పెట్టెకీ అడిగాను. మిల్లు పేరు చెబితే ఒకరిద్దరు తల వంచుకున్నారు, అంతే. మా ఆయనా డ్యూటీ దిగి బండి బండీ వెతికేవారట. నాకెప్పుడూ చెప్పలేదు, పాయింట్స్‌మన్ చెప్పాడు. ఆ మాట విన్నాక నా కోపం తగ్గాలి కదా. తగ్గలేదు. అమ్మ చూపు పూర్తిగా పోయాక పోయింది. చివరి రోజుల్లో గుమ్మంలో ఎవరి అడుగు చప్పుడైనా కొడుకు పేరే పిలిచేది.

ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపమేమిటి, వదిలెయ్యి, కాలమే అన్నీ చల్లారుస్తుంది అంటారు అందరూ. చల్లారుస్తుంది, నాకూ తెలుసు. అందుకే ఆ రోజుని కాలానికి అప్పజెప్పను. నా కోపం కూడా చల్లారిపోతే, ఆ రేవులో నిలబడి నాకోసం చూసినవాడు ఒకడు ఉన్నాడని చెప్పేందుకు ఇంకేమీ మిగలదు.