హోమంటే మా ఊరనుకున్నా

అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో నేను పనిచేసిన ఇంట్లో వంట చేసే ఆమెది గోదావరి జిల్లా, నాది కడప. నాకంటే బాగా పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. ప్రార్థన చేసుకోనిదే పొయ్యి వెలిగించేది కాదు. హవల్లీ బజారులో ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్టు ఒకటి ఆమె దగ్గర ఉండేది. అమెరికా పల్లెటూళ్లవాళ్లు గిటారు వాయిస్తూ పాడిన యేసు పాటలు. మిషన్ బడిలో చదివింది కాబట్టి ఆమెకు ఇంగ్లీషు అర్థమయ్యేది. నాకు ఒక్క ముక్క రాదు. అయినా పాట పాటకీ హోమ్, హోమ్ అని వినపడేది. టేపు ఆపమని పోట్లాడేదాన్ని. ఊరి మీద బెంగ పెట్టుకు కూర్చుంటే అంట్లెవరు తోముతారు?

ఇరాక్ సైన్యం వచ్చేనాటికి మా మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లాజెల్లాతో సెలవులకని దేశం బయట ఉంది. ఇంట్లో మేమిద్దరమే. సిపాయిలు టీవీ, సోఫాలు మోసుకుపోయారు. మన సొమ్మేం పోయిందని చూస్తూ ఊరుకున్నాం. తర్వాత ఫ్రిజ్జు మీద పడ్డారు. అక్క షుగర్ ఇంజెక్షన్లు అందులో ఉన్నాయి. తలుపు తీసి ఆ సీసాలు మాత్రం ఇవ్వమని వచ్చీరాని అరబ్బీలో బతిమాలింది. తాడు కట్టేశాం, ఖలాస్ అన్నారు. వాళ్లను నేనిప్పటికీ తిట్టుకుంటాను.

మందుల షాపులు అప్పటికే లూటీ అయ్యాయి. వంటగట్టు మీదున్న, సగం వాడిన సీసా ఒక్కటే మిగిలింది. దాన్ని తడిగుడ్డలో చుట్టిపెట్టి, కొంచెం కొంచెం తగ్గించి పొడుచుకునేది. ఊరు చేరేదాకా వస్తే చాలు దేవుడా అనుకున్నాం, ఆమె దేవుడితో ఆమె, నా దేవుడితో నేను.

అప్పటి నుంచి టేపు నేనే పెట్టడం మొదలుపెట్టాను. హోమ్ అన్న చోటల్లా గొంతు కలిపేదాన్ని. పోతాం లే అక్కా, పాటే చెబుతోంది కదా అని ధైర్యం చెప్పేదాన్ని. ఆమె తలొంచుకుని బియ్యం ఏరుకునేది.

చివరికి జోర్డాన్ పోయే బస్సులో చోటు దొరికింది. బాగ్దాదు దాటించి, సరిహద్దు ఎడారిలో గుడారాల దగ్గర దించేశారు. విమానం దాకా ఇంకో బస్సు వస్తుందన్నారు. అది ఎప్పుడడిగినా వచ్చేస్తోందనే మాటే. అక్క సీసా దారిలోనే అయిపోయింది. ఎన్ని నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. డాక్టరొకాయన వచ్చి చూసి, ఆ మందు తన దగ్గర లేదని చెప్పి పోయాడు. మగతలోకి జారిపోతుంటే భయమేసి, ఆ పాటే అందుకున్నాను.

"ఆ పాటిప్పుడెందుకే," అంది. "అందులో హోమంటే మనూరు కాదు. సచ్చిపోయాక ఎల్లే సోటు. ఆయన పిలిత్తే లేత్తాం, అదీ పాట."

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని కసిరాను.

"సంతోసంగా పాడతన్నావని," అంది.

మర్నాడు ఎండ ఎక్కాక పోయింది.

నలుగురు మలయాళీలు ఆమెను దుప్పట్లో పెట్టి, శవాల్ని తీసుకుపోయే వ్యాను దాకా మోశారు. సగం దారిలో ఆపమన్నాను. మాలో శవాన్ని దారిలో ఒకసారి దించి, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఒక్కోసారి ప్రాణం తిరిగొస్తుందని. దింపుడుకళ్లం ఆశ అంటారు. ఆమె క్రీస్తును నమ్మిన మనిషి, ఇది చేయొచ్చో లేదో నాకు తెలియదు. పిలిస్తే లేస్తామన్నది ఆమే కదా. వ్యాను డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతున్నా ఇసుకలో దించించి, చెవి దగ్గర నోరు పెట్టాను. ఏమని పిలిస్తే లేస్తుందో తోచలేదు.

"అక్కా, బస్సొచ్చిండాది, లెయ్."

మొదటిసారి మెల్లగానే అన్నాను. మూడోసారికి అరిచాను. గుడారాల్లో పడుకున్న మా కడపోళ్లంతా మూటలు చంకన పెట్టుకుని లేచి పరిగెత్తుకొచ్చారు. అక్క లేవలేదు.