నోటిదాకా రాని చెయ్యి

అన్న కుడిచెయ్యి నోటికి అందకుండా పోయిన ఏడాది, అన్నం తినేటప్పుడు మా ఇంట్లో ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

అన్న పెయింటింగ్ పనికి పోయేవాడు. గన్‌ఫౌండ్రీ ఏరియాలో ఒక బిల్డింగుకు రంగు వేస్తూ జారి మోచెయ్యి మీద పడ్డాడు. సర్కారు దవాఖానలో తప్పిన కీలు కూర్చోబెట్టి కట్టు వేశారు. కట్టు విప్పాక చూస్తే చెయ్యి సగం మడిచిన చోటే బిగుసుకుపోయి ఉంది. నొప్పి పుట్టకుండా నెమ్మదిగా ఆడించమని చెప్పి పంపారు. మా అమ్మకు నెమ్మది అంటే నమ్మకం లేదు.

"నొప్పి లేకుంట పట్టు యాడన్న ఇడుస్తదారా?" అని అన్నను పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయింది.

మా హైదరాబాదులో కుస్తీలు పట్టినవాళ్లే ఎముకలూ కడతారు. నాంపల్లిలో మేము కిరాయికి ఉండే గల్లీ చివరే ఆయన గది. గోడ మీద గదలు పట్టుకున్న తాతల ఫొటోలు, గదినిండా ఆవనూనె వాసన. "ఫికర్ చెయ్యకమ్మా, జర ఏడుస్తడు, గంతే" అన్నాడు. అన్న భుజానికి మోకాలు ఆనించి, మోచేతిని బలమంతా పెట్టి వంచాడు. అన్న అరుపుకు బయట ఆటోవాళ్లు లోపలికి తొంగిచూశారు. అమ్మ అన్న తలను కడుపుకు అదుముకుని "ఐపోయింది బిడ్డా, ఐపోయింది" అంటూనే ఉంది. ఐపోలేదు. రోజూ తీసుకుపోయింది. మోచెయ్యి కాలిపోతున్నట్టు వేడెక్కింది. తర్వాత వేడి తగ్గి, చర్మం కింద రాయిలాంటి గడ్డ తేలింది. దాన్ని కరిగించాలని నూనె రాసి పిసికే మాలిష్ ఇంకా పెంచారు.

నేను అబిడ్స్‌లో చెప్పుల షాపులో పనిచేస్తాను. పదో తరగతితో బడి ఆగింది. ఆ తర్వాత నేను చదివిందంతా లైబ్రరీ బల్ల మీద, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివిందే. అది చెప్పుకోవడం నాకు గర్వం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక పాత వైద్యం పుస్తకంలో, దెబ్బతిన్న కండ ఒక్కోసారి ఎముకగా మారుతుందని రాసి ఉంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. లైబ్రరీలో కొత్త పుస్తకం తీస్తే నా అనుమానమే నిజమైంది. కండ మారదు. కండ పోగుల మధ్య ఇంకా ఏ పనిలోనూ కుదురుకోని కణాలు కొన్ని ఉంటాయి. గాయమైతే మరమ్మతుకు సాయం చేస్తాయి. కానీ వాపు తగ్గక, ఎముకను పెంచే సంకేతాలు అక్కడ పోగైతే, అవి దారి మళ్లుతాయి. ముందు ముక్కు కొనలో ఉండేలాంటి మెత్తటి మృదులాస్థి అవుతాయి. తర్వాత దానిలోకి రక్తనాళాలు పాకి, అది అసలైన ఎముకవుతుంది. తల్లి కడుపులో మన కాళ్లూ చేతులూ తయారైన దారే అది. రక్తనాళాల లోపొరలో నుంచి కూడా ఆ కణాలు వస్తాయని కొందరంటారు, కాదని కొందరంటారు. ఆ తగవు ఇంకా తెగలేదు. కానీ మానుతున్న గాయాన్ని మళ్లీ మళ్లీ రేపితే ఎముక పెరుగుతుందన్నది మాత్రం అర్థమైంది.

ఆ సాయంత్రమే చెప్పాను. "అమ్మా, మాలిష్ బంద్ చెయ్యి. గా గడ్డ ఎముక. పిసికినకొద్దీ పెరుగుతది."

"చెప్పులమ్మేటోనివి, నీకెట్ల తెల్సు?"

"చదివిన."

"చదివితే డాక్టరైతరా? గట్లయితే లైబ్రరీల దుమ్ము దులిపెటోడు పెద్ద సర్జన్ గావాలె."

అన్న నవ్వాడు. వాడి కోసం ఇంకోలా చెప్పాను. "పొద్దుగాల అడ్డా మీద కూలీలు నిలబడతరు గదన్నా. ఎవరు ఏ పనికి పిలిస్తే గా పనికి పోతరు. గా కణాలు గట్లాంటివే."

"మరి నా మోచేతిల బిల్డింగు కట్టుమని పిలిచిన మేస్త్రీ ఎవడురా?"

నేను అమ్మ వైపు చూశాను. ఆమె లేచి కంచం కడగడానికి పోయింది.

గడ్డ ఇంకా పెద్దదయ్యాక మళ్లీ సర్కారు దవాఖానకే పోయాం. ఎక్స్‌రేలో కీలు ముందర మబ్బుముక్కలా తెల్లగా కనబడింది. "ఎవరు పిసికిన్రు దీన్ని?" అన్నాడు డాక్టరు. "ఎవ్వరు లేదు సార్" అంది అమ్మ. ఈ ఎముక ఏ కణాల నుంచి పుట్టిందని నేను అడిగాను. "నువ్వేం చేస్తవ్?" అన్నాడు. చెప్పుల షాపు అన్నాను. "మంచిది" అని తర్వాతి పేషెంటును పిలిచాడు. అంతకుముందు చెప్పింది ఒక్కటే. ఆ ఎముక పెరగడం ఆగి ముదిరేదాకా కొయ్యకూడదు, తొందరపడితే మళ్లీ వస్తుంది.

ఆగాం. అన్న ఎడమచేత్తో అన్నం ముట్టడు. అంత మనిషికి అమ్మే ముద్దలు పెట్టేది. సగం కడుపుకే చాలనేవాడు. బంతిలో కూర్చోవాల్సి వస్తుందని పెళ్లిళ్లకు పోవడం మానేశాడు.

ఆపరేషన్ అయ్యాక చెయ్యి కొంత లేచింది. పెదవి కిందదాకా వచ్చి ఆగిపోయింది. ఇంక ఇంతే అన్నారు. ఇప్పుడు అన్న తలే వంచి ముద్దను అందుకుంటాడు, ప్రతి ముద్దకూ ఎవరికో మొక్కుతున్నట్టు. మొదటిసారి అలా తిన్న రోజు అమ్మ కళ్లు తుడుచుకుంది. "పహిల్వాన్ చెయ్యి పడ్డది గనుకనే గీడిదాక వచ్చింది" అంది.

నేను నోరు తెరిచేలోపే అన్న "ఔ అమ్మా" అన్నాడు.

బయటికి వచ్చాక అడిగాను. "అంతా తెల్సి గూడ ఔ అంటవేందన్నా?"

"నీ కణాలను తిడితే వాటికి బాధగాదురా. అమ్మనంటే ఆమెకైతది."

గొప్ప మాటే అనుకోవచ్చు. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో పోయిన నెల తేలింది. పక్కింటి ఆమె మెట్ల మీద జారి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన మర్నాడే అమ్మ వాళ్లింట్లో కూర్చుంది. "మా పెద్దోని చెయ్యి చూడు, పహిల్వాన్ ఎట్ల బాగుచేసిండో" అని అన్నను పిలిచి చూపించింది. అన్న చెయ్యెత్తి చూపించాడు. నేను గుమ్మంలో నిలబడి, అమ్మ ఎదుటే, పహిల్వాన్ దగ్గర ఏం జరిగిందో, ఆ ఎముక ఎట్ల పుట్టిందో మొత్తం చెప్పాను. పక్కింటి ఆమె అంతా విన్నది. నా ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది. చెప్పులేసుకుని అమ్మ వెంట గల్లీ చివరి గదికి నడిచింది.