లక్క పాలిష్ వేసిన పుట్టగొడుగు

2023 వానాకాలం. వరంగల్‌లో ఒక కాలేజీ బోటనీ ల్యాబులో పుట్టగొడుగులను గుర్తుపట్టడం నా పని. ఇరవై ఏళ్ల అనుభవం కదా, కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం మట్టెవాడలో ఫర్నిచర్‌కు పాలిష్ వేసే యాకూబ్ భాయ్ వచ్చి, కవరులోంచి చేటంత పుట్టగొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. చెక్కలా గట్టిగా ఉంది, ఎర్రగా మెరుస్తోంది.

"చింతమొద్దుకు కాసింది మేడమ్. ఫోన్ల జూస్తె పెద్ద దవా అంటాండ్రు. జర దీని పేరు కాయితం మీద రాసియ్యుండ్రి."

చూడగానే పాలీపోర్ అని తెలిసింది. అంటే అడుగున సూదిమొనంత రంధ్రాలుండే రకం. లోపలి పొడిని మైక్రోస్కోపు కింద పెడితే స్పోర్లకు, అంటే దాని విత్తనాల్లాంటి కణాలకు, రెండు గోడలు కనిపించాయి. గానోడెర్మా! జీనస్, అంటే ప్రజాతి, ఖాయమైంది. అందులో ఏ జాతి అన్నదే చిక్కు. మెరిసేవాటన్నిటికీ పాత పుస్తకాలు లూసిడమ్ అని పేరు పెట్టేశాయి. అసలు లూసిడమ్ యూరప్‌ది. మన దగ్గరివి వేరు, పైగా ఒకటి కాదు. అయినా ఆ మెరుపు చూసి నేనూ లూసిడమ్ అనే రాయబోయాను. దుమ్ము తుడుద్దామని స్పిరిట్ దూదితో రుద్దితే మెరుపంతా దూదికి అంటింది.

"ఏం పూసినవ్ భాయ్?"

"లక్క పాలిష్ మేడమ్. కట్టె లెక్కనే ఉన్నది గద, పురుగు వట్టకుండ రెండు కోట్లు కొట్టిన. ఇంట్ల ఉన్నయన్నిటికి గట్లనే కొట్టిన."

నవ్వొచ్చింది. "ఇంట్లయి ఏం జేస్తాండ్రు?"

"మా ఇంట్లామె కాచుకొని తాగుతాంది. లివర్ ఖరాబైంది. వారం సంది దవాఖాన గోలీలు బంద్ జేసింది. మీరు పేరు రాసిస్తే ఆమెకు ధైర్యమైతది."

నవ్వు ఆగిపోయింది. నిజంగా భయమేసింది. నేను రాసే పేరు ఆమెకు మందుచీటీ అయ్యేది.

"తాగుడు ఇప్పుడే బంద్ చెయ్యమను. ఇయ్యాల్నే డాక్టర్ దగ్గరికి తీస్కపో," అని కసిరాను.

"గంత సదువు సదివిండ్రు, పేరు తెల్వదా మేడమ్?"

"సగం తెలుసు. మిగతా సగం ఊహించి రాయను."

అతను భార్యకు ఫోన్ కలిపి నాకిచ్చాడు. పాలిష్ సంగతి చెప్పాను. గోలీల డబ్బా వెంట పట్టుకొని పొమ్మన్నాను. ఆ సాయంత్రమే దవాఖానలో చేరింది, గోలీలు మళ్లీ మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎవరేం తెచ్చినా, మైక్రోస్కోపు ముట్టుకోకముందే "ఎవరు తింటాండ్రు?" అని అడుగుతాను. ఆ రోజు పుట్టగొడుగు పేరు కోసం గంటసేపు కుస్తీ పట్టాను. దాన్ని తాగుతున్న మనిషి పేరు మాత్రం ఫోన్ పెట్టేయబోతూ అడిగాను.

"షాహిదా, మేడమ్," అంది.