చెవి ఎలా తయారవుతుందో చెప్పిన సుజాతక్క

నిన్న పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. నిద్రలోనే అక్క గుండె ఆగిపోయిందన్నాడు.

నమ్మలేదు. మొన్ననే వీడియో కాల్‌లో మా పాపతో సైగలతో ఎంతసేపు ముచ్చట పెట్టిందో.

తెలియని వాళ్లకి... సుజాతక్క మా పెద్దమ్మ కూతురు. హైదరాబాద్ ల్యాబ్‌లో కోడిగుడ్ల మీద రీసెర్చ్. గుడ్డులోని పిండానికి లోపలి చెవి ఎలా వస్తుందో చూసేది. "గుడ్ల డాక్టర్" అని ఏడిపించేవాళ్లం.

మా పాపకి వినిపించదని తెలిసినప్పుడు, కడుపుతో ఉండి గ్రహణం నాడు బయట తిరిగానని అత్తమ్మ నన్నే అంది. చుట్టుపక్కల అందరూ అన్నారు. చివరికి నేనూ నమ్మాను. అన్నం సహించేది కాదు.

అక్క బాన్సువాడలో బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. పొదుగుతున్న కోడి కింద నుంచి ఒక గుడ్డు తీసింది. కోడి పొడిచింది కూడా. వంటింటి చీకటి మూలలో సెల్ లైట్ పెట్టి, గుడ్డులోని ఎర్రటి నరాలు అత్తమ్మకి చూపించింది.

లోపల కణాలు పక్క కణాలకి రసాయనాలతో కబురు పెడతాయంది. ఆ కబురు అందితేనే చర్మం మీది కణాలు చెవిగా మారతాయట. ఏది వినే కణం కావాలో, ఏది దానికి ఆసరాగా ఉండాలో కూడా, అన్నదమ్ములు పని పంచుకున్నట్టు, అలాగే తేల్చుకుంటాయట.

మా పాప చెవిలో ఆ కబురు పోయే దారి ఒకటి మూసుకుపోయింది. అది మా ఆలుమగలిద్దరి జీన్స్ నుంచి వచ్చిందని టెస్టులో తేలింది.

అత్తమ్మ ఊరుకుంటుందా? మరి గ్రహణం సంగతేమిటని అడిగింది.

"గ్రహణం నాడు నీ కోడి ఇంట్లనే గూసున్నదా అత్తమ్మా? అది పిలిస్తే పిల్లలు ఉరికొస్తలేవా?" అంది అక్క.

అత్తమ్మకి నవ్వాగలేదు. ఆ పూట నాకు తనే అన్నం వడ్డించింది.

కోడికి వినే కణం చచ్చిపోతే, పక్క కణం కబురందుకుని ఆ పనిలోకి దిగుతుందట. మనుషుల్లో అలా జరగదు. ఎందుకు జరగదో వెతకడమే అక్క పని. "మనకు గూడ అయితది, జర టైం పడ్తది" అనేది.

అక్క స్టూడెంట్స్ నిన్న ఆఖరిచూపుకి అక్క వాళ్ల ఊరు కోటగిరి దాకా వచ్చారు. ఏడుస్తూనే, ఆ పని తాము కొనసాగిస్తామని బావకి చెప్పారు. నాకు ఆశ పోలేదు.

అక్కడే ఒకావిడ మా పాపని చూసి జాలిపడుతూ, తల్లి జాగ్రత్తగా ఉండాల్సింది అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"నా కోడలి తప్పేం లేదు. గక్కడ పండుకున్న బిడ్డనే నాకు సమజయ్యేటట్టు చెప్పింది."

పోయిరా అక్కా. ఇగ ఏ ఫికర్ లేకుండా చల్లగా నిద్రపో.