మేట్రనమ్మ గారి రెండేళ్ళ కారు

పోయిన నెలలో ఒక సాయంత్రం కోరాపుట్‌లో వాన దంచి కొడుతుంటే, మా నర్సింగ్ స్కూలుకి పాఠాలు చెప్పడానికి వచ్చే డాక్టరు గారు నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నారు. ఆయన ఈమధ్యనే ఒక జర్మనీ కంపెనీ కారు పాతది కొన్నారు. నేనెక్కి తలుపు లాగగానే మెత్తగా, దూదిలో వేలు నొక్కినంత చిన్న చప్పుడైంది. అంతవరకు చెవుల్లో హోరెత్తిన వాన, ఆటోల హారన్లు, బజారు కేకలు ఒక్కసారిగా దూరం జరిగాయి. డాక్టరు గారు షోరూమువాళ్ళు సర్వీస్ ప్లానుకి అడుగుతున్న ధర గురించి వాపోతున్నారు. "కారు చవగ్గానే వచ్చింది సిస్టర్, దీన్ని పోషించడమే నా వల్ల అయ్యేలా లేదు" అంటున్నారు. నేను సగమే విన్నాను. ఆ తలుపు చప్పుడు విని చాలా ఏళ్ళయింది. అది వినగానే నా మనసు రాయగడ వెళ్ళిపోయి, మేట్రనమ్మ గారి పక్క సీట్లో కూర్చుంది.

ఆవిడ పేరు కరుణమ్మ. సొంతూరు భీమిలి వైపు. రాయగడ ఆస్పత్రిలో నర్సులందరి మీదా పెద్ద ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రి వెనక క్వార్టర్సులో ఒక్కతే ఉండేవారు. నేను గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, నర్సింగ్ చదివి, కాంట్రాక్టు ఉద్యోగంలో ఆవిడ చేతికింద చేరాను. మొదటి వారంలో ఒక ముసలాయనకి సెలైన్ పెట్టబోతే నరం దొరక్క నా చేతులు వణికాయి. ఆవిడ వెనక నిలబడి ఉన్నారు. సూది లాక్కుంటారేమో అనుకున్నాను. లాక్కోలేదు. ముసలాయన మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, "కానీ అమ్మీ, మాకు తొందరేటి నేదు. ఏం తాతా, నీకేటైనా తొందరా?" అన్నారు. తాత బోసినోటితో నవ్వాడు. ఆ నవ్వులో నాకు నరం దొరికింది. ఆవిడ లేచి, స్టూలు తీసి గోడవార పెట్టి వెళ్ళిపోయారు.

అలాంటి మనిషి రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఒక జర్మనీ కారు కొన్నారంటే ఆస్పత్రి అంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. దామంజోడి ఫ్యాక్టరీ కాలనీలో ఉండే ఒక ఇంజినీరు బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మేసిన కారు అది. తెల్లది, పాతదైనా మెరుపు పోనిది. చిన్న కారు కొత్తదే వచ్చేది కదా అని అందరూ అన్నారు. ఎందుకు కొన్నారో ఆవిడ నాకు మాత్రం ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పారు. ఆ ఇంజినీరు భార్యకి జబ్బు చేసినప్పుడు ఆవిడే తోడుగా అదే కారులో విశాఖపట్నం తీసుకెళ్ళారట.

"అంబులెన్సులో సెలైన్ సీసా ఎలా ఊగిపోతాదో నీకు తెలుసు కదా. ఆ కార్లో పైన కట్టిన సీసా కొండ ఘాటీ దిగినంతసేపూ నిలకడగా ఉండిపోయిందమ్మీ. నేను పేషెంటుని సూడ్డం మానీసి దాన్నే సూస్తన్నాను" అని నవ్వారు. మళ్ళీ, "ఉద్యోగమంతా అంబులెన్సు బల్ల మీద రోడ్డుకి అడ్డంగా కూకుని తిరిగేను. ముందేటుందో ఎప్పుడూ సూళ్ళేదు" అన్నారు.

గుణుపురంలో బడిపంతులుగా ఉన్న ఆవిడ తమ్ముడు రాజారత్నం గారు కబురు తెలిసి పరుగున వచ్చారు. నేను ఆ రోజు ఆవిడ క్వార్టర్సులోనే ఉన్నాను. "నీకు మతి పోయిందేటక్కా? ఆ డబ్బెట్టి మా పక్కన జాగా కొనుక్కోలేవా?" అని గట్టిగా అడిగేశారు. మేట్రనమ్మ గారు టీ వడకడుతూ, "జాగా కొంటే నా తర్వాత నీకొస్తాదిరా. కారు కొంటే నాకొస్తాది" అన్నారు. ఆయన గ్లాసు అందుకున్నారు. వెళ్ళేటప్పుడు మాత్రం బస్టాండుదాకా కారులో దింపమని అడిగారు. దిగాక తలుపు ఒకసారి తీసి మళ్ళీ వేసి చూసుకున్నారు.

ముందే డబ్బు కడితే కొన్నేళ్ళపాటు మరమ్మతులు షోరూమువాళ్ళే చూసే సర్వీస్ ప్లాను ఆ కారుకి తీసుకోవడానికి ఆవిడ నన్ను తోడు తీసుకుని విశాఖపట్నం వెళ్ళారు. ఆ షోరూము నేల మీద నడవడానికే నాకు బెరుగ్గా ఉంది. మర్యాదగల ఒక కుర్ర ఉద్యోగి మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ప్లాను గురించి చెప్పాడు. "ఇది తీసుకుంటే మీకు ఏ బెంగా ఉండదు మేడమ్" అన్నాడు.

"మంచిది బాబూ. మరి దీన్లో ఏటేటి రావో అది సెప్పు."

అతను కొంచెం తడబడినా దాచకుండా చెప్పాడు. ప్లాన్లు రెండున్నాయి. చిన్నదానిలో ఆయిలు, ఫిల్టర్లు, కూలి మాత్రమే వస్తాయి. పెద్దదానిలో అరిగిపోయే బ్రేకుల వంటివి కూడా వస్తాయి. టైర్లు రెండింటిలోనూ రావు. దేనికైనా గుద్దుకుని పాడైతే అదీ రాదు. పెద్ద ప్లాను ధర చిన్నదానికి ఇంచుమించు రెట్టింపు. మేట్రనమ్మ గారి మూడు నెలల జీతం పైమాటే అది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మాది కొండలు బాబూ. బ్రేకు మీద కాలెట్టుకునే దిగుతాం. సిన్నది మాకు సరిపోదు. పెద్దదే రాయి, రెండేళ్ళకి."

"నాలుగేళ్ళకి తీసుకుంటే ఏడాదికి పడేది బాగా తగ్గుతుంది మేడమ్."

"తగ్గుతాది, నిజమే. కానీ రెండేళ్ళయితే నా జీతం ఆగిపోతాది. పెన్షనుతో నేను ఈ కారుని మేపలేను. అప్పుడు అమ్మీడమే."

ఆ అబ్బాయి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. కొన్న మురిపెం తీరకుండానే అమ్మే మాట ఎత్తడం నాకు అపశకునంలా తోచింది. తిరుగు దారిలో పార్వతీపురంలో టీకి ఆగినప్పుడు ఉండబట్టలేక, "రెండేళ్ళ కోసం ఇంత కర్సెందుకమ్మా?" అని అడిగాను. ఆవిడకి కోపం రాలేదు. "ఎన్నాళ్ళో తెలిసేకే నాకు కొనడానికి ధైర్యం వచ్చింది. సచ్చేదాకా మేపాలంటే దాని జోలికే ఎల్లకపోదును" అన్నారు. నాకు ఆ రోజు అది సగమే అర్థమైంది.

ఆ తర్వాత సెలవు రోజుల్లో ఆవిడ రాయగడ నుంచి ఏదో ఒక వైపు బయలుదేరేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. తెరుబలి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే స్టీరింగు నాకిచ్చి నేర్పేవారు. మా నాన్నకి తెలిస్తే తిడతాడని నేనంటే, "మీ నాన్నకి నేను సెప్తాను గానీ నువ్వు ముందు క్లచ్చి సూసుకో" అనేవారు.

రెండో ఏడు వానల్లో లక్ష్మీపూర్ ఘాటీ దగ్గర, నీళ్ళు నిండి కనబడని గోతిలో చక్రం పడింది. ఆవిడే నడుపుతున్నారు. టైరు చీలిపోయింది, కింద ఏదో ఇనుప కడ్డీ వంగిపోయింది. కారుని లారీ మీదకి ఎక్కించి విశాఖపట్నం పంపాల్సి వచ్చింది. ప్లానులో అది రాదు. పైసాతో సహా చేతినుంచే కట్టాలి. ఆస్పత్రిలో మాటలు మొదలయ్యాయి. ప్లాను ప్లాను అంటూ అంత పోసింది, ఏం ఒరిగిందని నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండి, ఆ మాటలు తీసుకెళ్ళి ఆవిడకే చెప్పాను.

"నిజమే కదా, ఒరగనేదు" అన్నారు ఆవిడ. రోగుల చీట్లు సర్దుతూ తలెత్తకుండానే, "నేనూ ఏడిసేనమ్మీ, అబద్ధమెందుకు. దీనికని పక్కనెట్టుకున్న డబ్బే, అయినా ఏడుపొచ్చింది. ఏడిసి, కట్టీసేను. కారొచ్చినాక మళ్ళీ అదే ఘాటీకి ఎల్దాం" అన్నారు. వెళ్ళాం. ఆ గొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బాగా నెమ్మదించి, పక్కగా తీసుకుని, దాటాక గట్టిగా ఊపిరి వదిలారు.

ఆ రోజుల్లోనే నాకు పై చదువు చదవాలనే కోరిక పట్టుకుంది. భువనేశ్వర్‌లో రెండేళ్ళు. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి వదులుకునే వెళ్ళాలి. దాచుకున్న కాస్తా అయిపోతుంది. నాన్న ఆ డబ్బుతో మడి కొందామన్నాడు. చదివాక ఉద్యోగం వస్తుందని రాసిచ్చిన వాళ్ళెవరూ లేరు. మేట్రనమ్మ గారు వెళ్ళమనే అంటారని ఆశపడి అడిగాను. ఆవిడ అనలేదు.

"రెండేళ్ళకి ఏటేటవుతాదో అంతా కూకుని ఆలోసించుకో. హాస్టలు, పుస్తకాలు, పోయిన జీతం, మీ నాన్న అలక, అన్నీని. ఆకర్న ఉద్యోగం రాకపోయినా సరే అనిపిస్తే ఎల్లు. అనిపించకపోతే మానీ, తప్పేటి నేదు. ఎవులో నవ్వుతారని మాత్రం మానకు."

నేను చాలా వారాలు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఈలోగా ఆవిడ రిటైరయ్యారు. ప్లాను గడువు ముగుస్తోందని షోరూము నుంచి ఫోను వచ్చింది. కారు ఇంకా పాతబడింది కాబట్టి కొత్త ప్లాను ధర మునుపటికంటే ఎక్కువ చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, థాంక్స్ చెప్పి, వద్దన్నారు. కోరాపుట్‌లో కాఫీ వ్యాపారం చేసే ఒకాయన కొంటానన్నాడు. అప్పగించడానికి వెళ్ళే రోజు ఉదయం ఆవిడ తాళాలు నా చేతిలో పెట్టి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు.

"నా కారైనాక ఎనక సీట్లో ఒక్కరోజైనా కూకోలేదు. నువ్వు తోలు."

నేను ఎప్పుడూ ఒంటరిగా కారుని ఘాటీ ఎక్కించలేదు. పక్క సీట్లో ఆవిడ లేకపోవడం పెద్ద వెలితిగా ఉంది. మలుపు మలుపుకీ ఆవిడ ఏదో అంటారని చెవులు రిక్కించుకున్నాను. గేరు మార్చమనో, నెమ్మదించమనో ఒక్క మాట కోసం చూశాను. ఎదురుగా లారీ వచ్చింది, దారిచ్చాను. మంచు కమ్మింది, లైట్లు వేశాను. ఎంతకీ వెనక నుంచి మాట లేదు. భయపడి అద్దంలోకి చూశాను. మేట్రనమ్మ గారు తల సీటుకి వాల్చి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతున్నారు.

ఆవిడ ఏళ్ళ తరబడి అందరి మంచాల పక్కనా మేలుకుని ఉన్న మనిషి. ఆవిడ కునుకు తీయడం నేనే కాదు, ఆ ఆస్పత్రిలో ఎవరూ చూసి ఉండరు. కోరాపుట్‌లో ఆ వ్యాపారి ఇంటి ముందు ఇంజను ఆపి, లేపబుద్ధి కాక అలాగే కూర్చున్నాను. ఆయన బయటికి వస్తే చేత్తో ఆగమని సైగ చేశాను. కాసేపటికి ఆవిడే లేచి, చీర సర్దుకుని, "వచ్చీసేమా?" అన్నారు. సంతకాలయ్యాక రైల్లో రాయగడ తిరిగి వచ్చాం. ఆ వారంలోనే నేను భువనేశ్వర్ చదువుకి దరఖాస్తు పంపాను. నాన్న ఏడాది దాకా సరిగ్గా మాట్లాడలేదు. చదువయ్యాక కూడా చాలాకాలం ఉద్యోగం దొరకలేదు. దొరికినాక ఆ సంగతి ఫోనులో చెబితే ఆవిడ సంతోషించారు. ఆ తరువాత ఎక్కువ కాలం లేరు.

ఇప్పుడు నేను నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెబుతాను. నా వల్ల కాదనిపించే పని మీద పడినప్పుడల్లా, కొండ మలుపుల మధ్య నా చేతిలో తన ప్రాణం పెట్టి నిద్రపోయిన ఆవిడ ముఖం గుర్తుచేసుకుంటాను. చేతుల వణుకు దానంతటదే తగ్గుతుంది.