కంప్యూటర్ జాతకం

బందరులో కంప్యూటర్‌లో చూసి ముహూర్తాలు పెట్టే దక్షిణామూర్తిగారు ఆ కంప్యూటర్‌కు కూడా జాతకం రాశారు. 2017లో దానిలో విండోస్ ఎక్కించిన ఘడియే జన్మసమయం. మేషరాశి, అశ్విని నక్షత్రం, డెబ్భై ఏళ్ల ఆయుష్షు. ఇప్పుడు దానికి ఏలినాటి శని పట్టి మదర్‌బోర్డు కాలిపోయింది.

"కొత్త బోర్డు వేసి, విండోస్ మళ్ళీ ఎక్కిస్తానండీ," అంది రిపేరు షాపు హారిక.

"అవయవాలు ఎన్నైనా మార్చు తల్లీ, ప్రాణం మాత్రం తియ్యకు! మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ పుట్టినట్టే. నా కంప్యూటర్ జాతకమే తప్పితే ఊళ్ళో నా మాట ఎవరు నమ్ముతారు?"

హారిక నవ్వాపుకుని విండోస్ ఉన్న పాత డిస్కునే కొత్త బోర్డుకు తగిలించింది. కంప్యూటర్ రెండుసార్లు మొరాయించి మూడోసారి తెరుచుకుంది. విండోస్ అదే, తెర మీద వినాయకుడూ ఆయనే. కొత్త బోర్డులోని గడియారం మాత్రం 2015 చూపిస్తోంది.

"తేదీ సరిచేస్తానండీ."

"ఆగాగు! అప్పటికి ఇదింకా పుట్టనే లేదు. పుట్టనిదానికి శనేమిటి? అలాగే ఉండనీ!"

మర్నాడు కోడూరు నుంచి గోవర్ధనరావుగారు గృహప్రవేశానికి ముహూర్తం కోసం వచ్చారు. కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని ఆయన రెండుసార్లు చదువుకున్నారు.

"ముహూర్తం దివ్యంగా ఉందండీ. కాకపోతే 2015లో మా ఇంటి స్థలంలో రొయ్యల చెరువుండేది."

దక్షిణామూర్తిగారు మెల్లగా ఫోను తీశారు.

"హారికమ్మా, వచ్చి తేదీ మార్చు. శని పడితే పట్టనీలే. చచ్చేది కాదు, నేను రాశానుగా!"