మింగేసిన అక్షరం

గ్రీసు దేశపు కాలిమ్నోస్ దీవిలో ఒకరి పేరు పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ లేదు. చర్చిలో అథనాసియోస్ అని పేరు పెట్టించుకున్న పసివాణ్ణి గుమ్మం దాటేలోగా థనాసిస్ చేసి కూర్చుంటారు. వాళ్ల భాషలో థానతోస్ అంటే మృత్యువు. ముందు ‘అ’ ఉన్నంతసేపూ చావులేనివాడు. ఆ ‘అ’ కాస్తా మింగేస్తే మిగిలేదేమిటి? ఊళ్లో ఈ దిగులు థెమెలీనా ఒక్కతెకే పట్టుకుంది.

పట్టుకోదూ మరి! ఆవిడ మొగుడు అథనాసియోస్ సముద్రం అడుక్కి దిగి స్పాంజీలు కోసుకొచ్చేవాడు. పెళ్లయిన మర్నాడే ఆవిడ కాఫీ దుకాణం ముందు నిలబడి, నా మొగుణ్ణి పూర్తి పేరుతోనే పిలవాలని చెప్పేసింది. అందరూ నవ్వారు.

“అంత పేరు పిలవాలంటే సగంలోనే నాకు ఊపిరి అయిపోతుందమ్మా” అన్నాడు పడవ సరంగు నోమికోస్.

“ఇంకాస్త పీల్చుకో అన్నా. నా మొగుడు నీళ్ల అడుగున బిగబట్టడం లేదూ?”

ఆవిడ మాత్రం ఆ అక్షరాన్ని ఏనాడూ వదల్లేదు. పోట్లాటలోనూ వదల్లేదు, పక్కమీదా వదల్లేదు. ఎందరో మొగుళ్లు నీళ్లలోనే ఉండిపోయారు. ఆవిడ మొగుడు మాత్రం ఏటా చలి మొదలయ్యేసరికి ఇంటికొచ్చాడు. పోనుపోను నవ్వేవాళ్లూ తగ్గారు.

ముసలితనంలో అతని ఊపిరితిత్తులు చెడిపోయాయి. పోడు, ఉండడు. మధ్యాహ్నాలు కిటికీ రెక్కలు మూసినా సముద్రపు వెలుగు సందుల్లోంచి దూరి పైకప్పు మీద ఆడుతుండేది. మగతలోంచి లేచి, గుమ్మంలో ఇద్దరు కవల కుర్రాళ్లున్నారని చెప్పేవాడు. నిద్రా చావూ అన్నదమ్ములని అక్కడి పాత మాట. ఒకడు రోజూ లోపలికొచ్చి కళ్లు నిమురుతాడట. రెక్కలు ముడుచుకున్న రెండోవాడు గడప దాటడట.

“పిలవందే రాడుట మెలీనా. మర్యాదస్థుడు. పాపం, ఎన్నాళ్లని నిలబెడతావే?”

“నిలబడనీ. కాళ్లు నొప్పెడితే వాడే పోతాడు.”

“నాకు నొప్పెడుతోందే.”

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. అతని మీద కోపమూ వచ్చింది. చాలాసేపు అతని రొమ్ము ఎగశ్వాసతో ఎగిరిపడటం చూస్తూ కూర్చుంది. తర్వాత అతని మొహం తుడిచి, తల దువ్వి, తలుపు బార్లా తీసి వచ్చి చెవి దగ్గర వంగింది. అలవాటు కొద్దీ ఆ అక్షరమే నాలుక మీదికొచ్చింది. మింగేసింది.

“థనాసీ,” అంది. “ఇంక పడుకో నాయనా.”

ఆమె నోట ఆ పేరు వినడం అతనికదే మొదలు. కళ్లు తెరిచి ఆమెను తృప్తిగా చూశాడు. ఆ తర్వాత గుమ్మంకేసి చూసి, మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.